వార్నిష్ ఆరేదాకా

మే 11, ఆదివారం

వైలిన్ తెల్లగా పూర్తయింది. వార్నిష్ పడని వైలిన్‌ని రాజమోహన్ సార్ తెల్లది అంటారు. మా అమ్మ దిసమొలది అంటోంది. ఎప్పుడే దానికి గుడ్డలు తొడిగేది అని పొద్దున్నుంచీ ఒకటే నవ్వు.

నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. లేచి చూస్తాను, వచ్చి కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. నాయన గొర్రెల్ని తోలుకుపోతూ, కాలు కాలిన పిల్లికి ఈపొద్దు నాలుగు కాళ్ళూ కాలినట్టుండాయే అన్నాడు. అనుకోనీ. డిగ్రీ అయ్యాక నేను మొదలుపెట్టి చివరిదాకా తెచ్చిన పని ఇదొక్కటే. బ్యాంక్ కోచింగ్ మధ్యలో వదిలేశాను. నెల్లూరు కాల్ సెంటర్‌లో హెడ్‌ఫోన్ నా చెవులకి అలవాటు కాకముందే వదిలేశాను.

ఆత్మకూరులో ఫిజిక్స్ చదివేటప్పుడు మా హాస్టల్ వెనక వీధిలో సార్ ఇల్లు. చర్చి క్వయర్‌లో వాయిస్తారు. హరికథల వాళ్ళ వైలిన్లు బాగుచేస్తారు. విరిగిన వైలిన్ లోపల ఏముంటుందో చూద్దామని ఒకరోజు వెళ్ళాను. ఏమీ లేదు. ఖాళీ. ఆ ఖాళీ కోసమా ఇంత పని అనిపించింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

చెక్కడం సగం సార్ దగ్గర నేర్చాను, సగం ఈ వసారాలో అమ్మ దగ్గర. అమ్మ మా ఉదయగిరి గరిటెల సెంటర్‌కి చెంచాలు, గరిటెలు చెక్కుతుంది. ఉలిని తొయ్యమాక, పోనీ అంటుంది. నాకు పోనీయడం రాదు. తోస్తాను. బొటనవేలి కింద గాటు అందుకే.

జూన్ 21న రమణి మేడమ్ ఆత్మకూరు వస్తారు. చెన్నైలో ఆవిడకి వైలిన్లు చేసే వర్క్‌షాప్ ఉంది. సార్ పోగుచేసిన పాత వైలిన్లు చూడ్డానికి ఏటా వస్తారట. ఈసారి ఒక మనిషిని పనిలోకి తీసుకుంటారు. షరతు ఒకటే. సొంత చేత్తో చేసి, సొంత చేత్తో వార్నిష్ వేసిన వైలిన్ పట్టుకురావాలి. సార్ నా పేరు చెబితే, సరే తెమ్మనండి అన్నారట. అంతే అన్నారు. ఆ ఒక్క ముక్క మీద బతుకుతున్నాను.

మే 14, బుధవారం

వైలిన్‌ని దండేనికి వేలాడదీశాను. అమ్మ రవికెకీ నాయన పంచెకీ మధ్య. పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ చూపించాలి, చెక్క కాస్త రంగు తిరగాలి, మధ్యాహ్నం మాత్రం నీడ అన్నారు సార్. మధ్యాహ్నం మాకు నీడ అనే మాటే లేదు. దుర్గం కొండ మీంచి గాడ్పు దిగుతోంది. చూరు కిందికి మార్చాను.

అమ్మ వచ్చి పోతూ దాన్ని చూస్తోంది. పెదాలు పగిలినట్టు ఎట్టా ఎండిపోతా ఉండాదో చూడు అంది. ఎండాలమ్మా, ఎండితేనే మంచిది అన్నాను. ఊఁ అంది. నమ్మలేదు.

మే 17, శనివారం, ఆత్మకూరు

సార్ పెరట్లో వార్నిష్ కాచాం. గుగ్గిలం కరిగించి, అవిసె నూనె వేడిచేసి పొయ్యడం. చెప్పుకుంటే ఒక్క ముక్క. చేస్తే పొద్దంతా. ఇంట్లో కాస్తే ఇల్లు అంటుకుంటుంది కాబట్టి పెరడు. వాసనకి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూసి, ఏంది సార్, ఎవురికన్నా దిష్టి తీస్తా ఉండారా అని అడిగారు.

పాకం చూసినట్టే చూడాలి. చుక్క తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కి విడదీస్తే తీగ సాగాలి. నేను నిమిషానికోసారి చుక్క తీశాను. సార్ విసుక్కున్నారు. తొందరేందమ్మా, గుగ్గిలానికి బస్సు టైము తెలియదు అన్నారు.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఎవరో పిలిస్తే సార్ వీధి తలుపు తియ్యడానికి వెళ్ళినప్పుడు తీగ సాగింది. కొంచెం పొట్టి తీగ. నేను గిన్నె దింపేశాను. ఆయన వచ్చి, అయిందా అన్నారు. అయింది సార్ అన్నాను. ఒక సీసా నాకిచ్చి, అడుగున మిగిలింది ఆయన ఉంచుకున్నారు.

మే 19, సోమవారం

నిన్న సార్ వాళ్ళింట్లో బ్రష్ పట్టుకోవడం ప్రాక్టీసు చేసి ఇవాళ వచ్చాను. బస్సు దిగి ఇంటికి నడవలేదు, పరిగెత్తాను.

ఎండ ఏం చేసిందో! వెళ్ళేటప్పుడు పాలిపోయి ఉన్న చెక్క ఇప్పుడు తేనె రంగులో ఉంది. వెనకపలకలో మేపుల్ చెక్క చారలు అటు తిప్పితే పరిగెత్తుతున్నాయి, ఇటు తిప్పితే దాక్కుంటున్నాయి. రెండు వారాలు పట్టాల్సిన రంగు రెండు రోజుల్లో వచ్చింది. ఉదయగిరి ఎండా, మజాకా?

బాగుండాదా అని అడిగింది అమ్మ. బాగుందా ఏంటమ్మా అన్నాను. ఆమె మొహం చేటంతయింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఇంకేదో చెప్పబోయింది. నేను అప్పటికే బ్రష్ కోసం సంచి తిరగేస్తున్నాను.

మే 20, మంగళవారం, ఉదయం 7

మొదటి పూత. ఊపిరి బిగబట్టి వేశాను. బ్రష్ వెనకాలే అరచేత్తో రుద్దాను. అమ్మ గుమ్మంలో నిలబడి, ఇప్పుడు పెళ్ళికూతురు అంది.

సాయంత్రం 6

ఆరలేదు.

మే 21

ఆరలేదు.

మే 22

లేదు.

మే 24, శనివారం

వేలు పెడితే అంటుకుంటోంది. వేలు తీస్తే చిన్న చప్పుడు, ముద్దు పెట్టినట్టు. అసహ్యంగా ఉంది.

ఒక ఈగ పైపలక మీద వాలి ఉండిపోయింది. సూదితో తీశాను. సాయంత్రం మంద ఇంటికొచ్చింది, దుమ్ము లేచింది, గొర్రె బొచ్చు గాలిలో తేలివచ్చి వైలిన్ మెడ మీద అతుక్కుంది. నాయన మీద అరిచాను. కాసేపు బయటే ఆపొచ్చు కదా అన్నాను. ఆపి ఏం చెయ్యమంటావు, గొర్రెల్ని ఎగిరి రమ్మంటావా అన్నాడు. తర్వాత తనే పాత దోమతెర తెచ్చి వైలిన్ చుట్టూ కట్టాడు. తెర లోపల అది జ్వరమొచ్చిన మనిషిలా వేలాడుతోంది.

ఆ పొట్టి తీగ. ఆ పొట్టి తీగే.

మే 26, సోమవారం

రోహిణి వచ్చింది. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. నా వార్నిష్ మాత్రం ఆరదు.

సార్‌కి ఫోన్ చేసి నిజం చెప్పేశాను. గిన్నె తొందరగా దింపాను సార్, వార్నిష్ చెడగొట్టాను అన్నాను. అడుగున మిగిలింది మొన్న ఒక చెక్కముక్క మీద పూశానమ్మా, గాజులా ఆరింది, గోరు కూడా దిగడం లేదు అన్నారు.

మొదట ఏడుపొచ్చేంత సంతోషం. తర్వాత భయం. వార్నిష్ మంచిదైతే చెడ్డది ఏది?

మే 29, గురువారం

ఫిజిక్స్ చదివినందుకు ఒక్కసారైనా ఫిజిక్స్ చేద్దామనుకున్నాను. అదే సీసాలోంచి వార్నిష్ తీసి, దొరికిన ప్రతిదాని మీదా పూశాను. పైపలక చేయగా మిగిలిన స్ప్రూస్ చెక్క ముక్క. మేపుల్ ముక్క. పీట కోడు. అమ్మ బుట్టలోంచి రెండు గరిటెలు, ఒకటి చెక్కి పడేసింది, ఇంకొకటి పూర్తయి సెంటర్‌కి వెళ్ళాల్సింది. అన్నీ గోడ మీద ఎండలో వరసగా పెట్టాను.

గరిటెకి రంగులేందే అంది అమ్మ. ఎక్స్‌పెరిమెంట్ అన్నాను.

మే 30, శుక్రవారం, ఉదయం 10

స్ప్రూస్ ఆరింది. మేపుల్ ఆరింది. పీట కోడు ఆరింది. చెక్కి పడేసిన గరిటె ఆరింది.

పూర్తయిన గరిటె ఆరలేదు. వేలు పెట్టాను. అదే ముద్దు చప్పుడు.

రెండు గరిటెలదీ ఒకే చెట్టు, ఒకే చెయ్యి. పూర్తయినదానికి పడి, పూర్తికానిదానికి పడనిది ఒక్కటే. నువ్వుల నూనె.

చెక్కడం అయ్యాక అమ్మ ప్రతి గరిటెకీ పట్టించేది.

మధ్యాహ్నం

అడిగాను. అమ్మ దాచలేదు. దాచడానికి అదేమైనా తప్పని ఆమెకి తెలిస్తే కదా. పట్టిచ్చినా, అంది. నువ్వు ఆత్మకూరులో ఉండావు, అది ఈడ ఎండలో నాలుక పిడచ కట్టినట్టు ఉండాది, చూళ్ళేకపోయినా, గానుగలో ఆడిచ్చిన కొత్త నూనె, దేవుడి దీపానికి గూడా తియ్యలా, ముందు దీనికే పోసినా. ఒళ్ళో బోర్లించి, చంటిబిడ్డకి పట్టించినట్టు పట్టించిందట. తాగినంత తాగనిచ్చిందట. బాగుండాదా అని ఆరోజు అడిగింది దాని గురించే.

ఇది గరిటె కాదమ్మా అన్నాను. నీ చెయ్యి తగిలితే అన్నీ గరిటెలే అన్నాను. ఇంకా అన్నాను. అవి రాయను.

ఆమె నా మొహం చూసింది, తర్వాత తన చేతులు చూసుకుంది.

జూన్ 1, ఆదివారం

సార్‌తో ఫోన్. నువ్వుల నూనె అవిసె నూనెలా గట్టిపడదు, చెక్కలోనే ఉండిపోతుంది, దాని పైన ఏం వేసినా ఊగుతూ ఉంటుంది అన్నారు. పైపలక పారేసి కొత్తది చెయ్యి అన్నారు. చెక్క చెన్నై నుంచి రావాలి. వచ్చాక చెక్కాలి. జూన్ 21కి అది కాదు. ఆయనకీ తెలుసు. ఊరికే అన్నారు.

జూన్ 3, మంగళవారం

సెంటర్‌లో సరుకు చూసే రేణుకాదేవక్క బుట్ట తిప్పి పంపింది. బుట్టతో పాటు తనూ వచ్చింది. ఏంది చెంచులక్ష్మక్కా, ఇవి చెంచాలా ఎండుచేపలా, ఒక్కదానికన్నా నూనె చుక్క తగిలితే ఒట్టు, కడిగితే చీలిపోవా అని వాకిట్లోనే అడిగింది. అమ్మ నవ్వుతూనే చెప్పింది. నా నూనె చెయ్యి మంచిది కాదంట లేమ్మే, మానుకున్నా.

నేను లోపల దోమతెర దగ్గర ఉన్నాను. విన్నాను. నేను విన్నానని అమ్మకి తెలుసు.

ఆమె నీళ్ళకి వెళ్ళినప్పుడు బుట్ట ముందేసుకుని కూర్చున్నాను. గిన్నెలో నూనె, గుడ్డపీలిక. చేతికి ముందొచ్చిన ఒక్క గరిటె చాలనుకున్నాను. ఎండిన చెక్క నూనె పడగానే రంగు తిరుగుతుంది, లోపల దాగిన చారలన్నీ లేచి కూర్చుంటాయి. ఇంకొంచెం అడుగుతున్నట్టే ఉంటుంది. పోస్తాం. రెండోది తీశాను. తర్వాత ఇంకోటి. అమ్మ బిందెతో వచ్చి నిలబడేసరికి బుట్ట అడుగు కనిపిస్తోంది.

మరీ ఎక్కువ పోసినావు, అంది. పక్కన కూర్చుని ఎక్కువైనది తుడవడం మొదలుపెట్టింది.

తర్వాత కుంకుడు రసంతో మోచేతుల దాకా కడుక్కున్నాను. వైలిన్ ముట్టుకోవాలి కదా.

జూన్ 6, శుక్రవారం

పారెయ్యను. వార్నిష్ గీకేశాను. సన్నటి ఉక్కురేకు, స్పిరిట్, మళ్ళీ ఉక్కురేకు. సుద్దపొడి టర్పెంటైన్‌లో కలిపి ఒళ్ళంతా పట్టించాను. సుద్ద ఎండుతూ నూనెని పైకి లాగుతుంది. పసుపు రంగుకి తిరిగాక దులిపేసి మళ్ళీ పట్టించడం. వైలిన్ బూడిద పూసుకున్న సన్యాసిలా ఉంది.

అమ్మ దగ్గరికి రావడం లేదు. దూరం నుంచే, ఏమన్నా తిన్నావా అంటోంది. నన్నో, వైలిన్‌నో.

జూన్ 11, బుధవారం

సుద్ద తెల్లగానే రాలింది. నూనె వచ్చేసింది.

వెనకపలక తిప్పి చూశాను. పూర్తిగా రాలేదు. అక్కడ అయిదు మచ్చలు ఉన్నాయి. నాలుగు ఒక వైపు, ఒకటి విడిగా. పైన కుడిచేత్తో రుద్దుతున్నంతసేపూ అమ్మ ఎడమచెయ్యి వెనక ఆనించి ఉంటుంది. వేళ్ళ మధ్య కారిన నూనె అక్కడ నిలిచి లోతుకి దిగింది. బొటనవేలి మచ్చ అన్నిటికంటే నల్లగా ఉంది.

ఆ చోట సుద్ద మళ్ళీ పట్టించాను. మళ్ళీ. కదలడం లేదు.

జూన్ 18, బుధవారం

పల్చటి పూతలు వేశాను. ఆరింది! పైపలక, పక్కలు, మెడ, గోరు దిగనంతగా ఆరింది. తీగలు కూడా కట్టాను. వెనక మాత్రం ఆ అయిదు వేళ్ళు తడిగా మెరుస్తున్నాయి.

జూన్ 20, శుక్రవారం

నేనే పట్టించాను అని చెబుతాను. తెలియక చేశానంటాను. ఇప్పటికి చాలాసార్లు అనుకుని చూశాను.

నేనూ వస్తా అంటోంది అమ్మ. ఎందుకమ్మా అన్నాను. ఊరికే అంది. ఇస్త్రీ చేసిన చీర అప్పటికే తీసి పెట్టుకుంది.

జూన్ 21, శనివారం, సాయంత్రం, తిరుగు బస్సులో

బస్సు కుదుపుతోంది, అక్షరాలు ఎటో పోతున్నాయి. రాయకపోతే నిలవలేను.

పొద్దున వెళ్ళేటప్పుడు వైలిన్ కేసు నా ఒళ్ళో. అమ్మ పక్కన, చేతులు రెండూ కొంగు లోపల పెట్టుకుని. దుత్తలూరు దాటాక డ్రైవర్ సడన్‌గా బ్రేకేశాడు. అమ్మ చెయ్యి కొంగులోంచి చటుక్కున కేసు మీదికి వచ్చింది. తాకకుండానే వెనక్కి పోయింది.

రమణి మేడమ్ పొట్టిగా ఉంటారు, పెద్ద కళ్ళజోడు. సార్ ఇంటి ముందుగదిలో కూర్చున్నారు. అమ్మ లోపలికి రాలేదు, గుమ్మం అవతల నిలబడింది. మేడమ్ వైలిన్ తీశారు. పళ్ళ డాక్టర్ల దగ్గర ఉండేలాంటి చిన్న అద్దం ఎఫ్ ఆకారపు కంతలోంచి లోపలికి దించి చూశారు. నేను వెనక మచ్చల గురించి చెప్పాల్సిన మాట సిద్ధం చేసుకుంటుంటే ఆవిడ లోపల చూస్తున్నారు. లోపలంతా గరుకుగా వదిలేశావే, ఎవరూ చూడరనా అన్నారు. టైమ్ చాల్లేదు మేడమ్ అన్నాను. నూనె సంగతి తెలియకముందు చేసిన పని కదా ఇది, అప్పుడేం తక్కువైంది టైముకి అన్నారు. మచ్చలు ఎప్పుడో చూసేశారన్నమాట. నూనె అని కూడా తెలిసిపోయింది.

ఏ తొందరా లేనప్పుడు కూడా తొందరపడ్డాను.

వాయించారు. చిన్న ముక్క. గొంతుంది, అన్నారు సార్‌తో. జలుబు చేసిన గొంతు, అయినా గొంతే.

తర్వాత తిప్పి, ఈ పని ఎవరిది అన్నారు. నేనే అందామని నోరు తెరిచాను. అంతలో గుమ్మం అవతల నుంచి అమ్మ. నేనేనమ్మా పట్టిచ్చింది, పిల్లకి తెలవదు, గరిటెలు చేసుకునేదాన్ని, ఎండిన చెక్క కనపడితే నా చెయ్యి ఊరుకోదు, దాన్ని ఏమీ అనబాకండి. ఒక్క గుక్కలో అనేసింది. ముందే అనుకుని వచ్చినట్టుంది, నాలాగే.

మేడమ్ అమ్మని లోపలికి పిలిచారు. చెయ్యి పెట్టి చూపించమన్నారు. అమ్మ ముట్టుకోనంది. ఆవిడ పట్టుబట్టాక ఎడమచెయ్యి మచ్చల పైన గాల్లో ఉంచింది. అయిదూ సరిపోయాయి. ఏ నూనె అని మేడమ్ అడిగారు. నువ్వులది, మంచిదే అమ్మా అంది అమ్మ. మేడమ్ గట్టిగా నవ్వారు. మంచిదే, ఏళ్ళ తరబడి ఆరదు అన్నారు.

ఆవిడ తీర్పు. జూలై మొదట్లో చెన్నై రావాలి. తీగల కింద నిలబెట్టే బ్రిడ్జులు చెక్కాలి, షాపు ఊడవాలి. వార్నిష్ బ్రష్ ముట్టుకోకూడదు. ఈ వైలిన్ వర్క్‌షాప్ కిటికీ దగ్గర వేలాడుతుంది. ఈ అయిదూ ఆరిన రోజు వచ్చి నాకు చెప్పు, ఆరోజు బ్రష్ ఇస్తాను అన్నారు. ఏళ్ళు పడితే అన్నాను. నీకు అదే కదా రానిది అన్నారు.

పని దొరికిందో దొరకలేదో తెలియని మొహంతో బయటికి వచ్చాను. సార్ వీపు తట్టారు. దొరికిందమ్మా అన్నారు.

వైలిన్ అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఒళ్ళో కేసు లేదు. అమ్మ చేతులు కొంగులోంచి బయటికి వచ్చాయి. వేరుశనక్కాయలు వలిచి నా చేతిలో పోస్తోంది. ఆరతాది లే పాపా, నేనేమన్నా బిందెడు పోసినానా అంటోంది.

జూలై 9, చెన్నై

బ్రిడ్జులు. ఊడవడం. బ్రిడ్జులు. ఆరలేదు.

ఆగస్టు 17, ఆదివారం

అమ్మ ఫోన్. ఆరిందా అంది. లేదన్నాను. ఆమె బాధపడుతుందని వేరే మాట ఎత్తాను. ఈ వారం ఒక బ్రిడ్జ్‌ని మేడమ్ మళ్ళీ చెక్కమని వెనక్కి ఇవ్వలేదు. ఉలిని పోనిచ్చావా అని అడిగింది అమ్మ. పోనిచ్చానమ్మా అన్నాను.

అక్టోబర్ 12, ఆదివారం

పొద్దున ఊడుస్తూ తాకి చూశాను. చిటికెన వేలు ఆరిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. ఇంకా నాలుగున్నాయి.